ఒక్క కండె సేపు

నేను తిట్టుబోతును. ఇది మొదటే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఈ కథలో నా తిట్లకు కూడా పని ఉంది. పోగు తెగితే పోగును తిడతాను, కరెంటు పోతే కరెంటాఫీసు వాళ్లను ఏడు తరాలతో కలిపి తిడతాను. సిరిసిల్లలో సాంచెల మీద బతికేవాడికి ఈ రెండూ రోజూ ఉండేవే కాబట్టి నా నోటికి సెలవు దొరకదు. సాంచెలంటే మరమగ్గాలు. నాలుగు సాంచెల మధ్య పొద్దంతా అటూ ఇటూ తిరిగే మనిషిని. పేరు లక్ష్మీరాజం. వయసులో ఉన్నప్పుడు మా ఊళ్లో రైతుకూలీ సంఘానికి గోడల మీద నినాదాలు రాసేవాణ్ని. అందుకే మాట్లాడేది ఎట్లా మాట్లాడినా, రాయడానికి కూర్చుంటే కరపత్రాల భాష వచ్చేస్తుంది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వాడంతటా సాంచెలు ఒక్కసారే ఆగాయి. నేను కరెంటాఫీసు వాళ్ల మూడో తరం దాకా వచ్చేసరికి షెడ్డు గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారని నా భార్య భూమవ్వ సైగ చేసింది. ముప్పై ఏళ్ల ఆడమనిషి. భుజానికి సంచి, కళ్ల కింద నలుపు. మంచి ఇంటి మనిషని చూడగానే తెలుస్తున్నది, నాలుగు రోజులుగా నిద్ర లేదని కూడా తెలుస్తున్నది.

"లక్ష్మీరాజం అంటే మీరేనా?"

"నేనే."

"నా పేరు గిరిజ. జగిత్యాల నుంచి అచ్చిన. మీ ఊరి జగన్మోహన్ రావు దొర బిడ్డను."

ఆ పేరు విని ఇరవై ఏళ్లు. చేతిలో ఉన్న నాడెను, అదే పోగును అటూ ఇటూ మోసే కొయ్యను, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకునే ఉన్నాను. మూలన నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టుకుంటున్న భూమవ్వ రాట్నం ఆపింది. దొర బిడ్డ నన్ను మీరు అనడం ఒక వింత. ఆమెను ఏమని పిలవాలో నాకు తెలియకపోవడం ఇంకో వింత.

ఆమె కూర్చోలేదు. ఇంతకుముందే నాలుగుచోట్ల చెప్పి అలిసిపోయిన మాటలను మళ్లీ చెప్పినట్టు చెప్పింది.

"బాపు పోయిన యేడు పోయిండు. పోయే ముందల నాతోని ఒక మాట అన్నడు. అమ్మ సచ్చిపోయే ముందురోజు పగటీలి గంట సేపు ఇంట్ల లేదట. ఎటు పోయినవంటే చెప్పలేదట. తెల్లారి... మీకు తెలుసు గదా. బాపు ఇరువై ఏండ్లు గా గంట గురించే ఆలోచించిండు. ఏమేమో అనుకున్నడు. అనుకోరానియి కూడా అనుకున్నడు. అవన్ని నాకు అప్పజెప్పి పోయిండు."

"మా దగ్గరకెందుకు అచ్చినవమ్మా?"

"ఊరికి పోయి అడిగిన. మా బట్టలుతికే మొగిలవ్వ ఇంక బతికే ఉన్నది. అమ్మ సాలెవాడ దిక్కు పోవుడు చూసిన అన్నది. గప్పుడు ఎవ్వలు మాతోని మాట్లాడకపోయె గనుక చెప్పలేదట. సాలెవాడల ఇప్పుడు ఎవ్వలు లేరు. నలుగురు సిరిసిల్లల ఉన్నరంటే అచ్చిన. ముగ్గురిని అడిగిన, యాదికి లేదన్నరు. మీరు నాలుగో ఆయన."

నాకు ఆ గంట నిమిషం నిమిషం గుర్తుంది. ఆ రోజు ఆమె తల్లి మా వాకిట్లో ఎక్కడ నిలబడిందో, ఎండ ఎక్కడిదాకా వచ్చిందో కూడా గుర్తుంది.

"నాకూ యాదికి లేదమ్మా" అన్నాను.

అదే సమయానికి కరెంటు వచ్చింది. వాడలోని సాంచెలన్నీ మొదలయ్యాయి. ఇక ఏం మాట్లాడినా వినపడదు. గిరిజ ఇంకొంచెం సేపు నిలబడి, నా పెదవులు కదులుతాయేమోనని చూసి, దగ్గరికి వచ్చి కొంచెం గొంతు పెంచి, "సరే, మీ పని చేసుకోండ్రి" అని వెళ్లిపోయింది.

ఆమె తల్లి కూడా వెళ్లిపోతూ ఇట్లాంటి మాటే అన్నది.

భూమవ్వ లేచి వచ్చి నా చెవి దగ్గర నోరు పెట్టింది. ఆ గంట గురించి ఇరవై ఏళ్లలో మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

"మల్ల మాట్లాడకపోతివి" అన్నది.

నాలుగు సాంచెలూ ఆపి, పక్క సాంచెల రాజయ్యకు చూడమని చెప్పి, పైన అంగీ కూడా సరిగా వేసుకోకుండా బస్టాండుకు పరుగెత్తాను.

*

జరిగింది అర్థం కావాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి. కోరుట్లకు ఏడెనిమిది మైళ్ల దూరంలో మా ఊరు. డెబ్బై ఎనిమిదిలో జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో రైతుకూలీలు లేచిన కాలం. మా దొర మంచివాడు కాదు. మా నాయన ఒకసారి దుప్పట్లు చెప్పిన రోజుకు ఇవ్వలేదని ఆయన్ను ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టించిన మనిషి. సంఘం ఊరంతటినీ కూర్చోబెట్టి దొరను వెలి వేయాలని తీర్మానించినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేను. అది తప్పని ఇప్పటికీ అనను. ఎవరన్నా అంటే వాళ్లతో పోట్లాడతాను కూడా.

డప్పు చాటింపు వేయించారు. దొర ఇంటికి బట్టలుతికేవాళ్లు పోవద్దు, గడ్డం గీసేవాళ్లు పోవద్దు, నీళ్లు మోసేవాళ్లు పోవద్దు, నిప్పు కూడా ఇవ్వొద్దు, మాట కూడా కలపొద్దు. ఆ చివరి ముక్క గోడ మీద రాసింది నేనే. దొర ఉండే గడికి ఎదురుగా ఉన్న మట్టిగోడ మీద ఎర్రమట్టి జాజుతో మనిషెత్తు అక్షరాలు రాశాను. "దొర ఇంటితో మాట్లాడినవాడు దొర మనిషే." గుండ్రని అక్షరాలు, ఒక్క తప్పు లేదు. మేడ మీది కిటికీలోంచి ఎవరు చూసినా అదే కనపడుతుంది. చదువు వచ్చిన మనిషి రోజుకు ఎన్నిసార్లు చదివి ఉంటుందో నేను అప్పుడు ఆలోచించలేదు. మేము దొరను చూసి రాశాము. దొర ఇంట్లో దొర ఒక్కడే ఉండడని మాలో ఎవరికీ తట్టలేదు. దొర పొద్దున్నే జీపెక్కి జగిత్యాల పోయి తనవాళ్లతో కూర్చుని మాట్లాడి పొద్దుగూకి వచ్చేవాడు. గడి దాటి ఎటూ పోనిది కమల దొరసాని. ఆ శిక్ష రెండు నెలలు పూర్తిగా అనుభవించింది ఆమే. చివరికి తన ప్రాణం తనే తీసుకుంది.

*

బస్టాండులో వేములవాడ మీదుగా జగిత్యాల పోయే బస్సు ఇంకా రాలేదు. గిరిజ సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. నేను ఆయాసపడుతూ పక్కన కూలబడ్డాను. నా మీదంతా దూది దుమ్ము.

"అబద్ధమాడిన" అన్నాను. "మీ అమ్మ అచ్చింది మా ఇంటికే."

ఆమె నా వైపు తిరిగింది.

వెలికి ముందే దొరసాని నాకు ఒక చీర నేయమని చెప్పి ఉండింది. ఇటుక రంగుది, నల్ల అంచుది. అంచు ఎట్లుండాలో ఒక పాత చీర ముక్క పంపి చూపించింది. వెలి మొదలయ్యేసరికి చీర సగం మగ్గం మీద ఉంది. పడుగు పాడు చేసుకోలేక నేశాను. ఆమె వచ్చిన రోజుకు రెండు రోజుల ముందే అయిపోయింది. మడిచి అటక మీద పెట్టాను. మగ్గం మీద వేరే పంచెలు ఎక్కించుకున్నాను.

"పగటీలి తిని మగ్గంల కూసున్న. భూమవ్వ పక్కన కండెలు చుడుతున్నది. వాకిట్ల నీడ వడ్డది. చూస్తె దొరసాని. ఒక్కతే, నడిసి అచ్చింది. నెత్తి మీద కొంగు లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. దొరసానులు మా వాడకు రాంగ నేనెన్నడు చూడలేదు. ఎదురింటోళ్లు, పక్కింటోళ్లు తలుపుల సందులకెల్లి చూస్తున్నరు."

"ఏమన్నది?"

"'లక్ష్మీరాజం, నా చీరె అయ్యిందా' అని అడిగింది."

గిరిజ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"నేను నాడె ఇసురుతనే ఉన్న. తల ఎత్తలేదు. మల్ల అడిగింది. 'ఇయ్యకుంటె ఇయ్యకు. అయ్యిందో కాలేదో చెప్పు' అన్నది. నేను చెప్పలేదు. భూమవ్వ చెప్పలేదు. చీరె నా నెత్తి మీది అటకలనే ఉన్నది. కండె అయిపోయేదాక నిలవడ్డది. నేను కండె మార్చుకున్న. 'సరే, నేసుకో' అన్నది. పోయింది. అంతే."

బస్సు వచ్చింది. జనం ఎక్కుతున్నారు. ఆమె లేవలేదు, నేనూ లేవలేదు.

"ఒక్క మాట" అన్నది గిరిజ. గొంతు చాలా మెల్లగా ఉంది కానీ అందులో కోపం నాకు స్పష్టంగా తెలిసింది. "అయ్యింది అంటే ఏం పోయేది మీకు?"

"నన్ను గూడ వెలేసేటోళ్లు. గా మాట గోడ మీద రాసింది నేనే."

"మీరేనా?"

"నేనే."

"నేను ఆ గోడ మీదనే చదువుడు నేర్చుకున్న" అన్నది. "నాకు అప్పుడు పదేండ్లు, ఇంగ్లీషు బడిల చదివేదాన్ని, తెలుగు అక్షరాలు సరిగ రాకపోయె. బడికి పంపుడు బందయింది. అమ్మ కిటికీ దగ్గర కూసోవెట్టుకొని ఒక్కొక్క అక్షరం చూపెట్టి గుణింతాలు చదివిచ్చింది."

నన్ను ఎవరైనా చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. బస్సు పోయింది. ఇంకో గంటకు గానీ ఇంకోటి లేదు.

మళ్లీ ఆమెనే అడిగింది. "మీరు మాట్లాడి ఉంటె అమ్మ బతికేదా?"

ఈ ప్రశ్న నాకు నేను ఎన్ని వేలసార్లు వేసుకున్నానో. సాంచెల చప్పుడులో కూడా అదే వినపడిన రోజులున్నాయి. రెండు జవాబులూ అబద్ధమే అని మాత్రం తెలిసింది.

"తెల్వదు బిడ్డా. మనిషి ఒక్క దినంల గట్ల కాదు. నేను మాట్లాడినా పోయేదేమో. కని ఆమె అడిగింది నన్ను. చెప్పవలసింది నేను. గది మటుకు తెలుసు."

బిడ్డా అన్నానని తరువాత గుర్తుకు వచ్చింది. ఆమె పట్టించుకున్నట్టు లేదు.

"చీరె కోసం పోయింది" అన్నది, తనలో తాను. "బాపు ఏమేమో అనుకున్నడు. చీరె కోసం పోయింది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఇక అన్ని పనులూ అయిపోయిన మనిషిలాగా బల్లకు ఆనుకున్నది. ముఖంలో ఒక ప్రశాంతత వచ్చింది. ఎవరైనా చూస్తే మనసు తేలికపడిందనుకుంటారు. కానీ ఆ ముఖం నాకు తెలుసు. ఒకప్పుడు అద్దంలో చూసుకున్నాను.

*

డెబ్బై తొమ్మిదిలో పోలీసులు ఊళ్ల మీద పడ్డారు. గోడల మీద రాసినవాళ్ల చేతులు వెతికారు. నేను భూమవ్వను, పిల్లలను తీసుకుని సిరిసిల్లకు వచ్చి ఒక ఆసామి దగ్గర సాంచెల పనిలో చేరాను. పగలు పని, పొద్దుగూకితే కల్లు, ఎప్పుడూ ఆ వాకిలే కళ్ల ముందు. రెండేళ్లు గడిచాక ఇక చాలనిపించింది. ఎవరికీ చెప్పలేదు. ఎట్లా పోవాలో కూడా అనుకున్నాను. అవన్నీ ఇక్కడ రాయను, అవి ఎవరికీ పనికివచ్చేవి కావు.

భూమవ్వ కనిపెట్టింది. ఒకరోజు అన్నం పెడుతూ అన్నది. "పది దినాలాయె, నువ్వు ఎవ్వల్ని తిట్టక. కరెంటు పోయినా ఉలుకవు పలుకవు. సచ్చిపోవాలని ఉన్నదా?"

అంత సూటిగా అడిగేసరికి అబద్ధం నోటికి రాలేదు. "ఉన్నది" అన్నాను.

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు, పిల్లలు గుర్తుకు రాలేదా అని అడగలేదు. "మంచిది, చెప్పినవ్" అని నా పక్కన కూర్చుంది. ఆ రోజు షెడ్డులో రాజయ్యకు చెప్పింది. నన్ను అడగకుండానే చెప్పింది. వారం తిరక్కుండా కరీంనగర్ పెద్ద దవాఖానకు పట్టుకుపోయింది. డాక్టరు మాత్రలు రాశాడు, రెండు నెలలు మింగాను. వాటితోపాటు భూమవ్వ తన పద్ధతి ఒకటి పెట్టింది. అంతకుముందు రోజుకు సరిపడా కండెలు గంపలో పోసి పోయేది. ఆ రోజు నుంచి పోయడం మానేసింది. షెడ్డులోనే మూలన రాట్నం పెట్టుకుని, కండెలు కొన్నికొన్ని తెచ్చి నా చేతికిచ్చేది. ఇచ్చేటప్పుడల్లా నా చెవి దగ్గర నోరు పెట్టి "ఉన్నవా?" అని అడిగేది. నేను "ఉన్న" అంటే తప్ప కండె వదిలేది కాదు. ఊరికే తలూపితే కాదు, నోటితో అనాలి. మొదట్లో చిరాకు వేసేది. ఒకసారి తిట్టాను కూడా. ఆ తిట్టు విని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, తరువాత రాట్నం దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఆ ఆలోచన మళ్లీ రాలేదని చెప్పను. వచ్చింది, ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఈ కండె అయ్యేదాకా అనుకుంటాను. కండె అయిపోయేసరికి భూమవ్వ వస్తుంది. అట్లా కండె తరువాత కండె పదిహేడేళ్లు గడిచాయి.

*

బల్ల మీద గిరిజ ముఖం చూసి, భూమవ్వ నన్ను అడిగినట్టే అడిగాను.

"నీక్కూడ సచ్చిపోవాలని ఉన్నదా బిడ్డా?"

ఆమె బస్సులు తిరిగే చోటు వైపు చూస్తూ ఉంది. పల్లీలు అమ్మే ఆమె వచ్చి నిలబడి, ఎవరూ పలకకపోతే పోయింది.

"అమ్మ పోయిన వయసు నాకచ్చింది" అన్నది చివరికి. "నా బిడ్డకు ఆరేండ్లు. దాన్ని చూస్తె, నాకన్న నేను లేకుంటెనే అది మంచిగ పెరుగుతదేమో అనిపిస్తది. ఈ గంట సంగతి ఒక్కటి తెలుసుకుందామని ఆగిన."

తెలిసిపోయింది. నేనే చెప్పాను. ఇరవై ఏళ్లు దాచి, సరిగ్గా దాచవలసిన రోజున చెప్పినట్టయింది నా పని. నన్ను నేను తిట్టుకోవడానికి కూడా అప్పుడు తీరిక లేదు.

"మీ ఆయనకు చెప్పినవా?"

"లేదు. ఆయన బ్యాంకు పని, ఆయన అలుపు ఆయనకున్నది."

"నేను చెప్త. నీతోని అస్త."

"మీరెందుకు?"

"ఎందుకంటే నేను మీ అమ్మకు జవాబు చెప్పలేదు. గందుకు."

ఒద్దన్నది. కోపం చేసింది. మీ జాలి నాకక్కరలేదన్నది. నేను తిట్టుబోతునే కానీ మొండివాణ్ని కూడా. తరువాతి బస్సులో ఆమె పక్క సీటులో లుంగీతో, దూది దుమ్ముతో జగిత్యాల దాకా కూర్చున్నాను. కొడిమ్యాల దాటేదాకా నేనే మాట్లాడాను, భూమవ్వ కండెల సంగతంతా చెప్పాను. ఆ తరువాత ఆమె తన బిడ్డ పేరు కమల అని చెప్పింది.

భర్త కృష్ణారావు తలుపు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. గుమ్మంలోనే చెప్పాను, నీళ్లు నమలకుండా. ఆయన నమ్మలేదు, తరువాత నమ్మాడు, ఆ తరువాత మెట్టు మీద కూలబడి, "అలిసిపోతున్నదనే అనుకున్న" అని పదిసార్లు అన్నాడు. మంచి మనిషే, ఆయనకు ఎవరూ చెప్పలేదు అంతే. తెల్లారే కరీంనగర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోతానన్నాడు, తీసుకుపోయాడు. బ్యాంకుకు నెల రోజులు సెలవు పెట్టాడు.

నేను వచ్చేటప్పుడు గిరిజ గేటు దాకా వచ్చింది. భూమవ్వ కండెల సంగతి బస్సులో చెప్పాను కదా, దాన్ని పట్టుకున్నది. మా షెడ్డు ఎదురుగా బుచ్చయ్య నడిపే ఎస్టీడీ డబ్బా ఉంది. ఆ నంబరు రాసిచ్చాను.

"మంగళవారం, శుక్రవారం నాలుగింటికి చేస్త" అన్నది. "మీరు నన్ను అడగొద్దు. నేనే అడుగుత. మీరు జవాబు చెప్పాలె."

"చెప్త."

"ప్రతిసారి."

"ప్రతిసారి" అన్నాను.

*

అట్లా మూడు నెలలు నడిచింది. నాలుగయ్యేసరికి సాంచెలు రాజయ్యకు అప్పజెప్పి డబ్బా దగ్గర నిలబడేవాణ్ని. మోగగానే ఎత్తితే, "ఉన్నరా?" అనేది. "ఉన్న" అనేవాణ్ని. కొన్నిసార్లు అంతటితో పెట్టేసేది. కొన్నిసార్లు మాత్రలు వేసుకుంటే నిద్ర ఎక్కువవుతున్నదని, బిడ్డకు ఎక్కాలు వస్తున్నాయని చెప్పేది. ఒకసారి, "మిమ్మల్ని నేను మాఫ్ చెయ్యలేదు" అన్నది. "చెయ్యకు" అన్నాను. మనసులో మాటే అన్నాను.

ఆగస్టులో ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగింది. నక్సలైట్ అన్నలు బంద్ పిలుపిచ్చారు. శుక్రవారం. వాడ గోడల మీద పోస్టర్లు వెలిశాయి. ఈ మధ్య రాసేవాళ్ల అక్షరాలు ఏమీ బాగుండటం లేదని నా లోపలి మనిషి ఒకడు సణిగాడు. పొద్దున్నుంచే సాంచెలు ఆగిపోయాయి, బస్సులు లేవు, అన్ని షట్టర్లూ దిగిపోయాయి. పోయిన బంద్‌లో సగం షట్టరు ఎత్తినందుకు ఒక దుకాణం అద్దాలన్నీ పగిలాయి. తెరిచినందుకు వీళ్లు, మూసినందుకు పోలీసులు. ఇరవై ఏళ్లుగా ఇదే నడుస్తున్నది, జనం విసుక్కోవడం కూడా మానేశారు.

మామూలు రోజుల్లో సాంచెల చప్పుడుకు పక్కన పిడుగు పడినా వినపడదు. ఆ రోజు వాడంతా చీమ నడిస్తే వినపడేంత మౌనంగా ఉంది. నాలుగింటికి, దింపిన షట్టరు వెనుక, బుచ్చయ్య డబ్బాలో ఫోను మోగింది.

అన్ని ఇళ్లకూ వినపడింది. తలుపుల సందుల్లోంచి చూస్తున్నారని నాకు చూడకుండానే తెలుసు. ఇరవై ఏళ్ల కింద కూడా అట్లాగే చూశారు. నేను గల్లీ దాటి బుచ్చయ్య ఇంటి తలుపు కొట్టాను.

"బుచ్చన్నా, షట్టర్ తియ్యి."

"నీకు తలకాయ ఉన్నదా?" అన్నాడు. "బంద్ గదనే. ఎవ్వడన్న చూసిపోయి చెప్తె నా డబ్బా ఉంటదా? బందని పేపర్ల అచ్చింది, ఆమె సదువుకున్నామె, అర్థం చేసుకుంటది."

"గప్పుడు గూడ అర్థం చేసుకుంటదనే అనుకున్న" అన్నాను.

అతనికి నా మాట అర్థం కాలేదు. ఫోను ఆగింది. మళ్లీ మొదలైంది. నేను బుచ్చయ్యను ఏమేమి తిట్టానో ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వేయరు. అతను తాళంచెవి నా మీదికి విసిరేసి, "నాకు తెల్వదు, నువ్వే తీసినవ్" అని తలుపు వేసుకున్నాడు. షట్టరు మూరెడు ఎత్తి, నేల మీద పాకి లోపలికి దూరి, వెనుక నుంచి దించేసుకుని, చీకట్లో తడుముకుంటూ ఫోను ఎత్తాను.

"అలో" అన్నాను.

అవతల ఊపిరి వినపడుతున్నది.

"బంద్ గదా" అన్నది గిరిజ. "ఎత్తరనుకున్న."

"ఎత్తిన."

"ఎట్ల ఎత్తిన్రు?"

"పాక్కుంట లోపటికచ్చిన. చీకటి ఉన్నది. ఏదో పురుగు గూడ కుడుతున్నది."

నవ్విందో ఏమో చెప్పలేను. ఆ తరువాత అన్నది. "పొద్దున్నుంచి మంచిగ లేదు. ఎత్తకుంటే ఏమన్న చేసుకుందామని కాదు. గట్లని కాదు. ఊకనే... ఎత్తుతరా లేదా అని చూసిన."

గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. ఇయ్యకుంటె ఇయ్యకు, అయ్యిందో కాలేదో చెప్పు. ఆమె తల్లి మా వాకిట్లో నిలబడి అడిగింది కూడా ఇదేనేమో. చీర కోసం ఎవరొస్తారు అంత ఎండలో, చెప్పులు లేకుండా.

"మీ ఆయన ఉన్నడా ఇంట్ల?"

"ఉన్నడు. పక్కకే ఉన్నడు. ఆయనకు చెప్పిన."

"మంచిది. చెప్పినవ్."

అప్పుడే షట్టరు మీద ఎవరో మెల్లగా తట్టారు. పోలీసులో, అన్నలో అనుకున్నాను. ఫోను చెవికి అదుముకుని కదలకుండా కూర్చున్నాను. మళ్లీ తట్టారు. ఈసారి కింది సందులోంచి గొంతు వినపడింది. పట్టపగలు, బంద్ రోజున, వాడంతా చూస్తుండగా భూమవ్వ ఆ సందు దగ్గర వంగి కూర్చున్నట్టుంది.

"ఉన్నవా?" అన్నది.

"ఉన్న" అని గట్టిగా అన్నాను.

ఫోనులో గిరిజ కూడా, తనను ఎవరూ అడగకముందే, "ఉన్న" అన్నది.